ఎవరు చెప్పారు? ఎక్కడుంది?

మన డిగ్రీ కళాశాలల్లో ప్రాజెక్టు రికార్డుకు ఆయుష్షు తక్కువ. పిల్లలు రాస్తారు, జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగ్ చేయిస్తారు, వైవా రోజున తెచ్చి బల్ల మీద పెడతారు. పరీక్షకు వచ్చిన అధ్యాపకుడు నాలుగు పేజీలు తిప్పి, రెండు ప్రశ్నలడిగి, సంతకం చేస్తాడు. ఆ తర్వాత అది బీరువాలోకి, బీరువా నిండాక పాతకాగితాల తూకంలోకి పోతుంది. ఒకే ఒక్క పాఠకుడి కోసం, అదీ మార్కులు వేయడానికి మాత్రమే చదివే పాఠకుడి కోసం రాసిన రాత ఎలా ఉంటుందో తెలుగు పాఠాలు చెబుతూ బతికినవాణ్ణి కనుక నాకు బాగా తెలుసు. నిరుటి రికార్డు చూసి ఈ ఏటి రికార్డు రాస్తారు. ఇందులో పిల్లల తప్పు కన్నా మనం పెట్టిన పద్ధతిలో ఉన్న తప్పే ఎక్కువ. చదివేవాళ్లే లేనప్పుడు రాతలోకి శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుంది?

మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం ఆ బీరువాను తప్పించుకున్న పని. అబిడ్స్, నాంపల్లి పరిసరాల గురించి డిగ్రీ విద్యార్థులు తరగతి పనిలో భాగంగా వెతికి, రాసి, తెలుగు వికీపీడియాలో ప్రచురించిన వ్యాసాలు ఇందులో మొదటి భాగం. ఈ వీధుల్లో బతికిన పెద్దలను కలిసి, వాళ్లు చెప్పగా రాసుకున్న జ్ఞాపకాలు రెండో భాగం. విద్యార్థులను ఈ పనికి పురికొల్పిన అధ్యాపకురాలు ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్న అమ్మాయి. “సార్, ముందుమాట మీరే రాయాలి. కానీ మొహమాటానికి మెచ్చుకోవద్దు, అంతా చదివి రాయండి” అంది. అంతా చదివాను. వ్యాసాలే కాదు, ఒక్కో వ్యాసం వెనక ఉండే, మార్పులన్నీ నమోదయ్యే ‘చరిత్ర’ పేజీలు, వాటి మీద వాదోపవాదాలు నడిచే ‘చర్చ’ పేజీలు కూడా ఆమె దగ్గర కూర్చుని చదివాను. నా మెప్పులో పెద్ద భాగం ఆ వెనక పేజీలకే చెందుతుంది.

అబిడ్స్ మీద రాసిన వ్యాసాన్నే తీసుకోండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఉద్యోగి ఉండేవాడనీ, అతను ఇక్కడ పెట్టిన దుకాణం పేరే ఈ పేటకు స్థిరపడిందనీ చెప్పడంలో పుస్తకాలన్నీ ఒక్క మాట మీదే ఉన్నాయి. ఆయన ఎవరు, ఏ జాతివాడు అనే దగ్గర దారులు చీలిపోతాయి. ఆర్మేనియన్ అని ఒకరంటారు, యూదుడని మరొకరంటారు, రెండూ కలిపి ఆర్మేనియన్ యూదుడని ఇంకొకరంటారు. విద్యార్థులు మొదట రాసిన ప్రతిలో ఇవేవీ లేవు. ఎక్కడో చూసిన ఒక మాటను పట్టుకుని, అందంగా, అనుమానం లేకుండా రాసేశారు. మరునాడు ఎవరో ముఖం తెలియని వాడుకరి చర్చ పేజీలో ఒక్క ముక్క రాశాడు: దీనికి మూలం ఏది?

ఆ ప్రశ్నకు పిల్లలు ముందు నొచ్చుకున్నారట. మార్కులు వేసే మేడం అడగని ప్రశ్న, ఊరూ పేరూ తెలియనివాడు అడగడమేమిటని. తర్వాత అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లారు, సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి వెళ్లారు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల గుట్టల్లో వెతికారు. తాము నమ్మిన మూడు ఆధారాల్లో రెండు మూడోదాన్ని చూసి రాసినవేనని వాళ్లే కనిపెట్టారు. ఇప్పుడున్న వ్యాసంలో ఆ విషయం రెండే వాక్యాలు. ఏ అభిప్రాయం ఎవరిదో, ఎక్కడుందో చెప్పి, తమ తీర్పు ఇవ్వకుండా ఆగారు. పరిశోధక విద్యార్థులు కూడా ఒక్కోసారి నేర్చుకోని సంయమనం ఇది. ఇరవై ఏళ్లు నిండని పిల్లలకు దీన్ని నేర్పింది ఏ పాఠ్యపుస్తకమూ కాదు. తెలియనివాడికి కూడా తమను నిలదీసే హక్కున్న చోట రాయడమే నేర్పింది.

ఈ పని ఈ పేటలో కొత్తగా మొలిచిందని ఎవరైనా అనుకుంటే ఒక్కసారి చుట్టూ చూడాలి. ఇక్కడికి నడిచి వెళ్లే దూరంలో, సుల్తాన్ బజారులో, 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టింది. రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైన ఆ పుస్తకాల గది, తెలుగు చదువుకు ఆదరణ లేని రాజధానిలో తెలుగువాళ్లు తమంతట తాము కట్టుకున్న బడి. దాని వెనక నిలిచిన కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని ఈ నగరంలోనే ప్రారంభించారు. లోకంలోని విషయాలన్నిటినీ అక్షరక్రమంలో తెలుగులో చెప్పాలని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు తెచ్చి, అక్షరమాల ఇంకా మొదట్లో ఉండగానే 1923లో కన్నుమూశారు. ఆయన పేరు మీద లక్ష్మణరాయ పరిశోధక మండలి ఇక్కడ పనిచేసింది. బడిలో తెలుగు చెప్పిన ఆదిరాజు వీరభద్రరావు గారి వంటివాళ్లు ఆ మండలిని మోశారు. 1935లో వాళ్లు వెలువరించిన ‘తెలంగాణా శాసనములు’ ఈనాటికీ చరిత్రకారుల బల్లల మీద ఉంది. ఊరూరా రాతి మీదున్న అక్షరాన్ని కాగితం మీదికి ఎత్తుకుని, చదివి, అచ్చువేసిన పని అది.

నన్ను మరీ కదిలించేది సురవరం ప్రతాపరెడ్డి గారి ఉదాహరణ. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన మనిషి, ఈ అబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసి, అక్కడి గ్రంథాలయాన్ని పెంచిన మనిషి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక మాట పడ్డప్పుడు ఆయన కోపంతో ఒక సంపాదకీయం రాసి ఊరుకుని ఉండవచ్చు. ఊరుకోలేదు. జిల్లాల నుంచి కవుల పద్యాలు, వివరాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను వేశారు. అందులో 354 మంది కవులున్నారు. ఒక అపవాదుకు పేర్లతో, ఊళ్లతో, రచనలతో ఇచ్చిన జవాబు అది. తెలంగాణలో తరువాతి తరాలు ఆ సంచికను గర్వంగా తలుచుకోవడం విన్నాను. దాని వెనకున్న గుమాస్తా పనిని, అంటే ఉత్తరాలు రాయడం, వచ్చినవాటిని సరిచూడడం, వరసపెట్టడం, వీటిని తలుచుకోవడం తక్కువగా విన్నాను. ఈ పిల్లలు చేసింది సరిగ్గా ఆ గుమాస్తా పనే. దాన్ని చిన్నమాటగా అనడం లేదు.

ఏటా జరిగే నుమాయిష్ అనే ప్రదర్శన గురించి రాసిన వ్యాసం వెనక కూడా ఆ గుమాస్తా పనే ఉంది. జనవరి వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు ఊరంతా కదులుతుంది. కశ్మీరీ శాలువలు, హలీం, జెయింట్ వీల్, బొమ్మ రైలు అందరికీ తెలుసు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో అది మొదలైనప్పుడు ముందు నిలిచింది ఉస్మానియా పట్టభద్రుల సంఘంవాళ్లని, రాష్ట్రపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయడానికి డబ్బు కావలసి ఆ ప్రదర్శన ఆలోచన చేశారని ఎంతమందికి తెలుసు? 1946లో అది ఇప్పుడున్న మైదానానికి మారింది. ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో ఆడపిల్లల కళాశాలలు, పాలిటెక్నిక్కులు నడిపింది. అంటే తమ దేశాన్ని తామే లెక్కగట్టి తెలుసుకోవాలన్న చదువుకున్న కుర్రాళ్ల కోరిక నుంచి పుట్టిన తిరునాళ్ల అది. ఈ వ్యాసం రాసిన ఇద్దరమ్మాయిలు ఆ మైదానంలోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోతున్నామని, ఆ కళాశాలకూ నుమాయిష్‌కూ ఉన్న ముడి తమకూ ఇంతకుముందు తెలియదని పుస్తకం చివరి నోట్సులో రాసుకున్నారు. ఆ పేజీ తప్పక చదవండి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఇక్కడి బిడ్డే. ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం లేవకముందు, 1919లో, నిజాం కాలేజీ పక్కన అద్దె ఇళ్లలో 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యాయి. దేశభాషలో, ఉర్దూలో, విశ్వవిద్యాలయ చదువు చెప్పగలమా అన్న ప్రశ్నకు వాళ్లు పాఠ్యపుస్తకాలు తయారుచేసుకుని జవాబిచ్చారు. అక్కడ తెలుగుకు దక్కవలసిన చోటు దక్కలేదన్న బాధ నాకుంది. అయినా ఒక భాషలో చదువు ఉండాలంటే ముందు ఆ భాషలో చదవడానికి సామగ్రి ఉండాలని వాళ్లు గుర్తించిన తీరును మెచ్చుకోకుండా ఉండలేను. మన దగ్గర ఆ సామగ్రి ఈనాటికీ చాలదు. మా తరంలో తెలుగు మీడియం పిల్లవాడు ఏదైనా విషయం వెతుక్కోవాలంటే విజ్ఞాన సర్వస్వం సంపుటాలు తిరగేయాల్సి వచ్చేది. మంచి సంపుటాలే, కానీ అచ్చయ్యాక కదలవు. ఇప్పటి పిల్లవాడు ఫోను తీసి చూస్తాడు. అక్కడ తెలుగులో ఏమీ కనిపించకపోతే తెలుగులో ఏమీ లేదనే అనుకుంటాడు.

2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో మొదలైన తెలుగు వికీపీడియాలో ఇప్పుడు లక్షకు పైగా వ్యాసాలున్నాయి. రాసినవాళ్లలో చాలామంది పగలు ఇంకో ఉద్యోగం చేసుకునేవాళ్లు. 2013 తర్వాత కొంతకాలం వాళ్ల నెలవారీ సమావేశాలు ఈ అబిడ్స్‌లోనే, గోల్డెన్ త్రెషోల్డ్‌లో జరిగాయి. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ ఛటోపాధ్యాయ గారి ఇల్లు అది, సరోజినీ నాయుడు పెరిగిన ఇల్లు. ఆమె తొలి కవితా సంపుటి పేరే ఇంటి పేరయింది. హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి పోకముందు ఆ ఇంట్లోనే కళ్లు తెరిచింది. అక్కడి థియేటర్ ఔట్‌రీచ్ యూనిట్ వికీపీడియనులకు గది ఇచ్చింది, ఇంటర్నెట్ ఇచ్చింది, కొత్తవాళ్లకు టైపు చేయడం నేర్పే ఆదివారాలను ఇచ్చింది. ఈ పేటలో విజ్ఞాన సర్వస్వపు దీపం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చిందని నేనంటే అది అలంకారం కోసం అనడం కాదు. చిరునామాలు చూడండి, అన్నీ నడక దూరంలోనే ఉంటాయి.

తరగతి గదిలోంచి వికీపీడియాలోకి రాయించడం తేలికని ఎవరూ అనుకోకూడదు. 2011లో పుణె కళాశాలల్లో వికీమీడియా ఫౌండేషన్ ఇటువంటి ప్రయత్నమే పెద్దయెత్తున చేసింది. వందల మంది విద్యార్థులు ఇంగ్లీషు వికీపీడియాలో రాశారు. పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా ఎత్తిపెట్టిన భాగాలు గుట్టలుగా బయటపడ్డాయి. వాటిని ఏరి తీసేయలేక స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు విసిగిపోయారు. ఆ ఏడాదే దాన్ని ఆపేశారు. విద్యార్థులు చెడ్డవాళ్లు కాదు. గడువు దగ్గర పడింది, మార్కులున్నాయి, దిద్దేవాళ్లు పిడికెడు మంది, రాసేవాళ్లు గంపెడు మంది. తర్వాత విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో తెలుగు వికీపీడియాకు రాసే పని మొదలైనప్పుడు అనుభవం ఉన్న వికీపీడియనులు కళాశాలకు వచ్చి పిల్లల పక్కన కూర్చున్నారు. కేరళవాళ్లు ఇంకో దారి పట్టారు. 2009లో మొదలైన స్కూల్‌వికీలో అక్కడి పదిహేను వేలకు పైగా బడులు తమ చరిత్ర, తమ ఊరి ముచ్చట్లు తామే మలయాళంలో రాసుకుంటున్నాయి. బడికి సొంత వేదిక ఇచ్చి, తప్పులు చేయడానికి చోటిచ్చారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ స్థాయి పని ఇంకా జరగలేదు. జరగాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి.

ఈ పుస్తకం వెనకున్న అధ్యాపకురాలు పుణె పాఠం చదువుకుంది. తరగతి మొత్తాన్ని ఒకేసారి దింపలేదు. ఇద్దరిద్దరు చొప్పున చిన్న జట్లతో మొదలుపెట్టింది. మొదటి నెలంతా కొత్త వ్యాసాలు వద్దంది. ఉన్న వ్యాసాల్లో అచ్చుతప్పులు దిద్దించింది, ‘మూలాలు లేవు’ అని పట్టీ ఉన్న పేజీలకు ఆధారాలు వెతికించింది. ఆ తర్వాతే, రాసి చూసుకోవడానికి ఉండే ‘ప్రయోగశాల’ పేజీలో సొంత రాత. మార్కులు వ్యాసం పొడవుకు వేయలేదు. ఇంతకుముందు ఏం తెలియదు, ఎక్కడ తెలుసుకున్నాను, ఏది ఇంకా తేలలేదు అని విద్యార్థి రాసుకున్న నోట్సుకు వేసింది. అధ్యాపకులు ఈ పుస్తకంలో మరేదీ చదవకపోయినా చివర ఉన్న ఆ నోట్సు నమూనాలు చదవాలని నా మనవి.

ఇక పుస్తకం రెండు భాగాలుగా ఎందుకుందో చెప్పాలి. వికీపీడియాలో సొంత పరిశోధన పెట్టకూడదన్నది నియమం. అచ్చులోనో, నమ్మదగిన చోటనో ప్రచురితమైన దానినే చెప్పాలి. నాంపల్లి స్టేషను ఎదుటి సరాయిలో బస చేసిన తాతగారు చెప్పిన మాట ఎంత నిజమైనా అక్కడ చెల్లదు. పిల్లలకు ఇది అన్యాయంగా తోచింది. మా తాత అబద్ధమాడాడా అని ఒకబ్బాయి చర్చ పేజీలోనే అడిగాడు. తాతగారు అబద్ధమాడలేదు నాయనా. ఆయన మాటను రికార్డు చేసి, తేదీ వేసి, ఆయన చేత సరిచూపించి, పుస్తకంగా అచ్చువేస్తే రేపు ఇంకొకరు దానిని ఆధారంగా చూపుకోగలరు. ఆ బాధ్యతే ఈ రెండో భాగం. పెద్దల జ్ఞాపకాలు చాలావరకు ఉర్దూలో, దక్కనీలో చెప్పినవి. తరగతిలోని ఉర్దూ ఇళ్ల పిల్లలు విని తెలుగులోకి తెచ్చారు. ఇంట్లో మార్వాడీ మాట్లాడే అమ్మాయి తెలుగులో రాసిన పేజీని నేను రెండుసార్లు చదివాను, దానిలోని వాడుక అంత సహజంగా ఉంది. తెలుగు తెలుగువాళ్లొక్కరిదే అన్న భ్రమ ఈ పేటలో ఎన్నడూ చెల్లలేదు.

అడిగిన క్షణంలో వ్యాసం రాసిచ్చే యంత్రాలు ఇప్పుడు పిల్లల జేబుల్లోనే ఉన్నాయి. కొందరు మొదట ఆ దారే పట్టారని వాళ్ల నోట్సే చెబుతోంది. వాక్యాలు నున్నగా వచ్చాయి, లేని పుస్తకాల పేర్లు కూడా అంతే నున్నగా వచ్చాయి. గ్రంథాలయంలో ఆ పుస్తకం అడిగితే గ్రంథపాలకుడు లేదన్నాడు. ఎవరు చెప్పారు, ఎక్కడుంది అన్న రెండు ప్రశ్నలు అలవాటైన పిల్లకు ఆ నునుపు అనుమానంగా కనిపిస్తుంది. ఈ తరానికి ఇంతకన్నా అక్కరకొచ్చే చదువు నాకు తోచడం లేదు.

అధ్యాపకురాలు మొహమాటం వద్దంది కనుక కొరతలు కూడా చెబుతాను. వ్యాసాల భాష కొన్నిచోట్ల దినపత్రిక అనువాదపు వాసన కొడుతోంది. ‘నిర్మించబడినది’, ‘పిలువబడుతున్నది’ వంటి కర్మణి వాక్యాలు తగ్గించుకోవాలి. నిజాములు, దివాన్లు, కొత్వాళ్లు నిండుగా ఉన్నారు, వాళ్ల భవనాలకు రాళ్లెత్తినవాళ్లు రెండో భాగంలో తప్ప కనబడరు. గన్‌ఫౌండ్రీ వ్యాసంలో ఫ్రెంచి సేనాని రేమండ్ కథ చదివాను, అక్కడి ఫిరంగుల కార్ఖానాలో లోహం కరిగించిన పనివాళ్ల గురించి ఒక్క వాక్యమూ లేదు. ఆధారాలు దొరకలేదంటారు. ఉర్దూ, ఫారసీ కాగితాలు చూడకుండా దొరకలేదనడం తొందరపాటు.

కనుక వచ్చే జట్టుకు నా వంతుగా కొంత పని అప్పగిస్తున్నాను. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకు రచనలు అందరివీ అవుతాయి. ఆయన రచనల్లో ఇంకా టైపు కాని పుస్తకాలేవో చూసి, పేజీ పేజీగా వికీపీడియాకు తోడుగా ఉన్న పుస్తకాల వేదిక వికీసోర్సులో టైపు చేసి, అచ్చుప్రతితో పోల్చి దిద్దండి. నెలకు నాలుగు పేజీలు చాలు. రాతలో దోషాలు ఎలా వస్తాయో, పాత తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో మీ వేళ్లకే తెలుస్తుంది. పక్క కళాశాలలోని ఉర్దూ మీడియం విద్యార్థులను జట్టులో కలుపుకోండి. నాంపల్లి చరిత్రలో సగం వాళ్లు చదవగలిగిన లిపిలో ఉంది. ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల వ్యాపారుల మీద తెలుగులో సరైన వ్యాసం నాకు కనిపించలేదు. దానికి మూలాలు పత్రికల పాత సంచికల్లో వెతకాలి, ఆ వ్యాపారుల మాటలు మాత్రం ఇప్పుడే రాసుకోవాలి. వాళ్లలో పెద్దవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. టైపు చేసేవాళ్లు, ఉర్దూ చదివేవాళ్లు, కెమెరా పట్టేవాళ్లు ఎవరెవరో ముందే పంచుకోండి. పాత సంచికలు వెతికే పనిలో నన్నూ కలుపుకోండి, మంగళవారాలు నాకు ఖాళీ.

ఆశీస్సులతో,
నాంపల్లి, హైదరాబాదు